వైరల్ జ్వరం తగ్గింది, కడుపునొప్పి మాత్రం పోలేదు

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు, బరువు 24 కిలోలు. ఏడు వారాల కిందట జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వైరల్ అన్నారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అప్పటి నుంచి దాదాపు రోజూ బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. పొద్దున లేవగానే ఎక్కువ, సాయంత్రానికి ఆడుకుంటుంది. రక్త, మూత్ర పరీక్షలు బాగానే ఉన్నాయి. స్కాన్‌లో పేగుల దగ్గర గ్రంథులు వాచాయనీ, పెద్దది 7 మిల్లీమీటర్లనీ రాశారు. అపెండిక్స్ మామూలుగానే ఉందట. గ్రంథులు అన్న మాట చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నీరసించిపోయిందని రోజుకు మూడు గ్లాసుల పాలు తాగిస్తున్నాం. నొప్పి మరీ ఎక్కువైతే జ్వరానికి రాసిన ఐబుప్రొఫెన్ సిరప్పే వేస్తున్నాను. మోషన్ రెండు మూడు రోజులకోసారి అవుతోంది, తిండి తగ్గింది కాబట్టి అంతేనేమో. ఇప్పటికి పంతొమ్మిది రోజులు స్కూలు మానేసింది. వాళ్ల నాన్న నటిస్తోందంటారు. ఇది నిజంగా నొప్పేనా? ఏదైనా పెద్ద జబ్బు దాగి ఉందా? ఎప్పటికి తగ్గుతుంది?

జవాబు: నొప్పి నిజమే. ముందు ఆ సంగతి ఇంట్లో తేలిపోవాలి. నటిస్తోందా లేదా అన్న తగువు నడుస్తున్నంత కాలం, తన నొప్పి నిజమని నిరూపించుకోవడమే పాపకు పనైపోతుంది.

పేగుకు దాని సొంత నరాల వల ఉంది. వైరస్ వచ్చి పేగు లోపలి పొరను వాపెక్కించినప్పుడు ఆ నరాలు అతిగా మేలుకుంటాయి. వైరస్ వారంలో పోతుంది, చిట్లిన పొర కొన్ని వారాల్లో మళ్లీ పూడుతుంది. నరాలు మాత్రం అంత త్వరగా సద్దుమణగవు. వాన వెలిశాక కూడా చూరు నీళ్లు కారుతున్నట్టు, మామూలుగా మనకు తెలియనే తెలియని పేగు కదలిక, కాస్త గ్యాసు, కాస్త మలం కూడా ఇలాంటి పిల్లలకు నొప్పిగా తెలుస్తాయి. రక్తపరీక్షలోనో స్కాన్‌లోనో కనబడే విషయం కాదిది. అందుకే రిపోర్టులన్నీ 'నార్మల్' అంటాయి, పిల్ల 'నొప్పి' అంటుంది. రెండూ అబద్ధం కాదు.

పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ అన్నదే మీ వారి అనుమానానికి మూలం అయి ఉంటుంది. పెద్ద పేగు రాత్రంతా దాదాపు నిద్రపోతుంది. నిద్ర లేవగానే, మళ్లీ ఏదైనా తినగానే బలంగా ముడుచుకుంటుంది. సున్నితంగా మారిన పేగు నొప్పి పెట్టే వేళ అదే. దానికి స్కూలు హడావుడి తోడవుతుంది. సెలవు రోజున నొప్పి తక్కువగా ఉంటే దానికి కూడా ఒక కారణం, ఆ రోజు టాయిలెట్‌లో తీరిగ్గా కూర్చోగలగడమే.

ఇక దాగిన జబ్బు గురించి. 1958లో ఇంగ్లండ్‌లో ఆప్లే, నైష్ అనే ఇద్దరు డాక్టర్లు వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి ఇలా తిరగబెట్టే కడుపునొప్పి ఉందని తేలింది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే శరీరంలో జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువని ఆప్లే అనేవారు. దాన్ని గీటురాయిగా పెట్టుకోలేం గానీ, గుర్తుంచుకోదగ్గ మాటే. మీ పాప నొప్పి బొడ్డు దగ్గరే ఉంది, సాయంత్రం ఆడుకుంటోంది, పరీక్షలు బాగున్నాయి. ఇవన్నీ మంచి సూచనలే.

అయినా కొన్ని లక్షణాలు కనబడితే ఈ జవాబు పక్కనపెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగి, నడిచినా దగ్గినా ఎక్కువవుతుంటే అపెండిక్స్‌ను అనుమానించాలి. పాత స్కాన్ బాగుందని ధైర్యపడకూడదు, ఆ స్కాన్ ఆ రోజు సంగతే చెబుతుంది. ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, పొట్ట ఉబ్బి బిగుసుకుపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం కూడా అత్యవసరాలే. ఎంత తాగినా తీరని దాహం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు జారిపోవడం ఉంటే ముందు రక్తంలో చక్కెర చూడాలి. పిల్లల్లో మధుమేహం కడుపునొప్పి, వాంతుల ముసుగులో రావడం కొత్తేమీ కాదు. కాళ్ల మీద, పిరుదుల మీద ఊదారంగు మచ్చలు వచ్చి కీళ్లు వాస్తే అది చిన్న రక్తనాళాల వాపు, జలుబు గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్లకు వస్తుంది. కోవిడ్ వచ్చిన రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ జ్వరం, ఎర్రటి కళ్లు, దద్దుర్లు, కడుపునొప్పి కలిసి వస్తే ఆగకూడదు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు రెండు మాటలు. మగపిల్లాడు హఠాత్తుగా పొత్తికడుపు నొప్పంటే వృషణాలు కూడా చూడాలి. వృషణం మెలిపడితే ఆరు గంటల్లోపు సరిచేయాల్సి ఉంటుంది, పిల్లలేమో సిగ్గుపడి కడుపు అంటారు. మూడేళ్ల లోపు పిల్లలు ఉండుండి మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, మధ్యలో పాలిపోయి సోలిపోతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. వైరల్ జబ్బు తర్వాత ఇది జరగడానికి వాచిన గ్రంథులే ఒక కారణం.

మీ నిద్ర చెడగొట్టిన గ్రంథుల సంగతికి వద్దాం. పేగులకు అంటుకుని ఉండే పొరలో వందకు పైగా లింఫ్ గ్రంథులుంటాయి. ఇన్ఫెక్షన్ వస్తే అవి ఉబ్బడం వాటి పని. ఏ నొప్పీ లేని పిల్లలకు వేరే కారణంతో స్కాన్ తీసినా ఇవి తరచుగా కనబడుతూనే ఉంటాయి. అడ్డుకొలత 8 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాటిని చాలామంది రేడియాలజిస్టులు మామూలుగానే లెక్కిస్తారు. మీ పాపది 7. బరువు తగ్గడం, సాయంకాలపు జ్వరాలు, గ్రంథులు గుత్తులుగా అతుక్కుపోవడం, మధ్యలో మెత్తబడడం ఉంటే క్షయ లాంటివి వెతుకుతారు. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు. వీటి కోసం యాంటీబయాటిక్ వాడనక్కర్లేదు. నెలనెలా స్కాన్ తీయించుకుంటూ 7 కాస్తా 6 అయిందా 8 అయిందా అని చూసుకోవడం అంతకంటే అనవసరం.

అసలు విషయం మీ ఉత్తరంలోనే, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మూడు వాక్యాల్లో ఉంది.

మొదటిది మోషన్. విరేచనాలు తగ్గాక రెండు మూడు రోజులకోసారి అవుతోందంటే అది తిండి తగ్గినందువల్ల మాత్రమే కాకపోవచ్చు. జబ్బులో నీళ్లు తగ్గి, పడుకునే ఉండి, మలం గట్టిపడుతుంది. ఒకసారి ముక్కి నొప్పితో వెళ్లాక పిల్లలు భయపడి బిగబట్టుకుంటారు. బిగబట్టిన కొద్దీ నీరు ఇంకిపోయి ఇంకా గట్టిపడుతుంది. మలద్వారానికి పైనున్న పేగు భాగం సాగిపోయి, వెళ్లాలన్న కబురే సరిగా అందదు. పాపను అడిగి చూడండి: ఉండలుండలుగా వస్తోందా, మరీ లావుగా వస్తోందా, వెళ్లాక నొప్పి తగ్గుతోందా? లోదుస్తులకు మరకలు అవుతున్నాయా? ఒక్కోసారి పేరుకున్న గట్టి మలం పక్కనుంచి నీళ్లగా కారుతుంది. అది చూసి మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయని మోషన్ ఆగే మందు వేస్తారు, దాంతో ముడి ఇంకా బిగుస్తుంది.

మలబద్ధకమే అని డాక్టరు పొట్ట తడిమి నిర్ధారిస్తే, సాధారణంగా రాసేది మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. పేరుకున్నది ఖాళీ చేయడానికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల లెక్కన మూడు నుంచి ఆరు రోజులు ఇస్తారు. ఆ తర్వాత కిలోకు 0.4 గ్రాములతో మొదలుపెట్టి మలం మెత్తగా వచ్చేలా సరిచేసుకుంటారు. 24 కిలోల పిల్లకు రోజుకు సుమారు 10 గ్రాములు, 150 మిల్లీలీటర్ల నీళ్లలో. ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందంటే, రెండు రోజులు బాగా అయిందని వారానికే మానేస్తారు. సాగిన పేగు మళ్లీ బిగువు తెచ్చుకోవడానికి కనీసం రెండు నెలలు పడుతుంది. లక్షణాలన్నీ పోయాక కూడా ఒక నెల కొనసాగించి, ఆ తర్వాత మెల్లగా తగ్గించాలి. ఈ పొడి పేగుకు అలవాటైపోదు. లాక్టులోజ్ సిరప్ కూడా పనిచేస్తుంది గానీ గ్యాసు పెంచుతుంది, ఇప్పటికే నొప్పి ఉన్న పొట్టకు అది మా మొదటి ఎంపిక కాదు.

మందు ఎంత ముఖ్యమో కూర్చునే తీరు అంత ముఖ్యం. పొద్దున తిన్నాక, రాత్రి తిన్నాక పది నిమిషాల్లోపు టాయిలెట్‌కు పంపండి. కడుపులోకి తిండి వెళ్లగానే పెద్ద పేగు కదిలే వేళ అది. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. కమోడ్ అయితే పాదాల కింద ఎత్తుపీట వేసి, మోకాళ్లు తుంటికంటే పైకి ఉండేలా చూడాలి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కే కండరాలు సరిగా పనిచేయవు. దీనికోసం అరగంట ముందు లేపాల్సి వస్తుంది, లేపండి. ఈ బరువుకు పాలు, ఇతర ద్రవాలు అన్నీ కలిపి రోజుకు సుమారు ఒకటిన్నర లీటర్లు కావాలి. పీచు వయసుకు ఐదు కలిపినన్ని గ్రాములు, అంటే మీ పాపకు 13. అయితే పేరుకున్నది ఖాళీ అయ్యాకే పీచు పెంచండి. ముందే పెంచితే ఉబ్బరం తప్ప ఫలితం ఉండదు.

రెండోది పాలు. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్న పేగు లోపలి నూగు కొనల మీద ఉంటుంది. వైరస్ ముందు దెబ్బతీసేది ఆ కొనలనే. అరగని చక్కెర పెద్ద పేగుకు చేరి పులిసి గ్యాసు అవుతుంది. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో గుడగుడ, మెలిపెట్టే నొప్పి, నురగతో పుల్లటి వాసన వేసే పలచటి మోషన్ దీని గుర్తులు. మీ పాపకు మోషన్ రెండు మూడు రోజులకోసారే అవుతోంది కాబట్టి ఇది మా రెండో అనుమానం మాత్రమే. చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో ఎంజైము తిరిగి వస్తుంది కూడా. ఏదెలా ఉన్నా మూడు గ్లాసులు ఎక్కువే. పాలతో పొట్ట నిండితే వేరే తిండి తగ్గుతుంది, మలం ఇంకా గట్టిపడొచ్చు. ముందు ఒక గ్లాసుకు దించండి. మోషన్ సాఫీ అయ్యాక కూడా పాలు తాగిన తర్వాతే నొప్పి వస్తుంటే పద్నాలుగు రోజులు పాలు, పాలపొడితో చేసినవి, ఐస్‌క్రీం పూర్తిగా ఆపండి. పెరుగు చాలామందికి పడుతుంది, ఉండనివ్వండి. పదిహేనో రోజున తిండితో పాటు 100 మిల్లీలీటర్ల పాలు ఇచ్చి మూడు రోజులు చూడండి. ఏమీ కాకపోతే మెల్లగా పెంచండి. ఆ తిరిగి మొదలుపెట్టే రోజు ఎప్పటికీ రాకపోవడమే ఇళ్లలో జరిగే పొరపాటు. పండ్లరసాలు, చక్కెర లేని చూయింగ్ గమ్ములు కూడా ఇలాగే పేగులో పులుస్తాయి, వాటిని ప్రస్తుతానికి పక్కనపెట్టండి. గోధుమ మాత్రం మీ అంతట మీరు మాన్పించకండి. సీలియాక్ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష అవసరమైతే, గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే ఫలితం నమ్మదగ్గది.

మూడోది ఐబుప్రొఫెన్. ఈ రోజే ఆపండి. అది జీర్ణాశయపు పొరను గీరుతుంది. ఖాళీ కడుపున పడితే మరీను. కడుపునొప్పికి కడుపునొప్పి తెచ్చే మందు వేసినట్టు. నొప్పి ఛాతీ ఎముక కిందికి మారి, మంట, పుల్లటి తేన్పులు ఉంటే డాక్టరుకు ఈ సిరప్ ఎన్నాళ్లు వాడారో తప్పక చెప్పండి. తప్పనిసరైతే పారాసిటమాల్, కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే మీ పాపకు 360 దాకా. డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగు డోసులు మించకూడదు. సిరప్పులు రకరకాల బలాల్లో వస్తాయి, సీసా మీద 5 మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో చూసి కొలవండి. నిజానికి ఈ రకం నొప్పికి అదీ పెద్దగా పనిచేయదు. గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సంచి పదిహేను నిమిషాలు పెట్టడం అంతకంటే మేలు. ఆస్పిరిన్ మాత్రం పదహారేళ్ల లోపు పిల్లలకు వైరల్ జబ్బుల్లో ఇవ్వనే కూడదు.

ఇవన్నీ సరిచేసినా నరాల సున్నితత్వం కొంతకాలం ఉంటుంది. దానికి మందు స్కూలే. నొప్పి తగ్గాక పంపిద్దామని ఆగితే ఆ రోజు రాదు. ముందు దినచర్య గాడిలో పడుతుంది, నొప్పి దాని వెనకే తగ్గుతుంది. మొదటి మూడు రోజులు రెండు గంటలు, తర్వాతి మూడు రోజులు సగం పూట, ఆపైన పూర్తిగా. సగం పూటలు మొదటి పీరియడ్ నుంచే మొదలవ్వాలి. పొద్దున గడప దాటడమే కష్టమైన మెట్టు, మధ్యాహ్నం పంపితే ఆ మెట్టు అలాగే మిగిలిపోతుంది. టీచరుతో రెండు విషయాలు మాట్లాడుకోండి: అడిగిన వెంటనే టాయిలెట్‌కు వెళ్లనివ్వాలి, నొప్పంటే పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకు పంపాలి. జ్వరం, వాంతి, లేదా పైన చెప్పిన లక్షణాలు లేకుండా మీకు ఫోన్ చేయకూడదు. ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఏదైనా సబ్జెక్టు భయపెడుతోందా అని కూడా ప్రత్యేకంగా కనుక్కోండి. పంతొమ్మిది రోజుల పాఠాలు పోయిన పిల్లకు ఆ భయమే చాలు కడుపు మెలిపెట్టడానికి.

ఇంట్లో 'ఇప్పుడెలా ఉంది?' అని అడగడం మానాలి. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లలకు కడుపు ఉబ్బేలా నీళ్లు తాగించి, కొందరి తల్లిదండ్రుల్ని ఆ బాధ గురించే పట్టించుకోమన్నారు, కొందరిని మాట మళ్లించమన్నారు. పట్టించుకున్న చోట ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మళ్లించిన చోట సగానికి తగ్గాయి. మాట మళ్లిస్తే పిల్ల నొచ్చుకుంటుందేమోనని తల్లిదండ్రులు భయపడ్డారు గానీ, పిల్లలు మాత్రం అదే బాగుందన్నారు. కాబట్టి నొప్పి అనగానే 'తెలుసురా, ఊపిరి పని మొదలుపెట్టు, నేను జడ వేస్తాను' అని ఒక్కసారి అని, వేరే సంగతిలోకి వెళ్లిపోండి. ఊపిరి పని అంటే, వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు పొట్ట లేచేలా పీల్చి, ఆరు అంకెలకు వదలడం. నొప్పి లేని వేళల్లో రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు సాధన చేయిస్తేనే నొప్పి వేళ అక్కరకొస్తుంది. స్కూలుకు వెళ్లలేకపోయిన రోజున టీవీ, ఫోను, కథలు చెప్పడాలు ఉండకూడదు. అది శిక్షలా కాకుండా, ఒంట్లో బాగాలేనివాళ్లు విశ్రాంతి తీసుకుంటున్నట్టే మామూలుగా సాగాలి. ఈ మార్పుల మొదటి వారంలో నొప్పి పెరిగినట్టు కనబడొచ్చు. అక్కడ వెనక్కి తగ్గితే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే ఇంట్లో ఉండొచ్చని పాపకు తెలిసిపోతుంది. వాళ్ల నాన్నా మీరూ ఒకే మాట మీద ఉండాల్సింది సరిగ్గా ఆ వారమే.

ఎప్పటికి తగ్గుతుందని అడిగారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి కొన్ని వారాల్లో పలచబడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. తగ్గే తీరు కూడా గీత గీసినట్టు ఉండదు. నాలుగు మంచి రోజులు, ఒక చెడ్డ రోజు, మళ్లీ వారం మంచిది. నెలకు నాలుగు రోజులకు తగ్గకుండా రెండు నెలలు సాగి, వేరే కారణం కనబడని నొప్పిని డాక్టర్లు ఫంక్షనల్ కడుపునొప్పి అంటారు. మీరు ఆ గడప దగ్గరే ఉన్నారు. నాలుగు వారాలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే, లేదా నొప్పి రాత్రి నిద్రలో లేపుతుంటే, బరువు తగ్గుతుంటే, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి ఎప్పుడో తిన్నది వాంతి అవుతుంటే పిల్లల జీర్ణకోశ నిపుణుల్ని కలవండి. సీలియాక్ రక్తపరీక్ష, మలంలో జియార్డియా అనే పరాన్నజీవి, పేగు వాపు తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష అడుగుతారు. చివరిది కొత్తగా విరేచనాలు పట్టుకున్న రోజుల్లో చేయిస్తే ఊరికే ఎక్కువగా కనబడి కంగారు పెడుతుంది. పేగులో లోపం లేదని తేలి, స్కూలుకు వెళ్లడం మాత్రం కుదరకపోతే పిల్లల మానసిక నిపుణుల దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకుని నొప్పిని తట్టుకోవడం మాటలతో నేర్పే చికిత్స. ఈ నొప్పికి గట్టి ఆధారాలున్న చికిత్సల్లో అదొకటి. అక్కడికి పంపడం అంటే నటిస్తోందని ఒప్పుకోవడం కాదని మీ వారికి చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల చిన్న పట్టిక ఒకటి పట్టుకెళ్లండి: నొప్పి ఏ వేళ, ఎంతసేపు, ఆ ముందు ఏం తింది, మోషన్ అయిందా, ఎలా ఉంది. పాపను అడక్కుండా మీరే చూసి రాయండి, రెండు వారాలు నిండగానే రాయడం ఆపేయండి. దాని పైన జబ్బుకు ముందు ఎప్పుడైనా తూచిన బరువు, తేదీతో సహా రాసుకోండి. డాక్టరు ముందు చూసేది అప్పటి బరువుకూ ఇప్పటి బరువుకూ మధ్య తేడానే.